గవరయ్యకు ఉప్పెవరు పెట్టారు?

అనగనగనగా, సముద్రానికి దగ్గర్లో, ఉప్పుమళ్ళ పక్కన ఒక చిన్న ఊళ్ళో వరహాలమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ మొగుడు గవరయ్య. ముప్పై ఏళ్ళు మళ్ళలో ఉప్పు లాగి, గుట్టలు పోసి, ఇప్పుడు పని మానేసి ఇంటిపట్టున ఉంటున్నాడు. ఇంట్లో ఇంకో మనిషి కోడలు పైడమ్మ. కొడుకు లారీ తోలుతూ ఊళ్ళు తిరిగేవాడు. నెలకోసారి వచ్చి, రెండు రోజులుండి వెళ్ళేవాడు.

గవరయ్య మంచివాడే తల్లీ. కానీ నోరు ఊరుకోదు. పొద్దున్న జంతిక, మధ్యాహ్నం చేగోడీ, సాయంత్రం కారప్పూస. పళ్ళ కింద ఏదో ఒకటి కరకరలాడుతూనే ఉండాలి. ఆయన ఏ గదిలో ఉన్నాడో చూడక్కర్లేదు, చప్పుడు వింటే చాలు.

అలా ఉండగా ఒకరోజు ఆయన పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి, అలాగే ఉండిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు వరహాలమ్మ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ బీపీ చూసి, మాత్రలు రాసి, ఉప్పు బాగా తగ్గించమంది. జంతికలూ చేగోడీలూ ముట్టుకోవద్దంది. నెల తిరిగేసరికి వాపు తగ్గకపోతే పట్నంలో పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తుందని, గుండె అలిసిపోతోందని కూడా చెప్పింది.

వరహాలమ్మ హడలిపోయింది. ఆ రోజు నుంచే గవరయ్య కూరలో ఉప్పు మానేసింది. జంతికల డబ్బాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. గవరయ్య చెప్పినట్టే విన్నాడు. మాత్రలు వేసుకున్నాడు, చప్పిడి కూడు తిన్నాడు.

ఒక వారం గడిచింది. వాపు తగ్గలేదు. ఆ తర్వాత ఇంకో వారం గడిచింది. అప్పటికీ తగ్గలేదు. అప్పుడు వరహాలమ్మకి అనుమానం పుట్టింది. ఎవరో ఈ మనిషికి దొంగచాటుగా పెడుతున్నారు. ఎవరు?

ముందు కోడలి మీదకి పోయింది ఆవిడ చూపు. గవరయ్యకి పైడమ్మంటే ప్రాణం. ఆ పిల్లకీ మామంటే అంతే. పైగా ఈ మధ్య ఆ పిల్ల ఊరికే పెరట్లోకి వెళ్ళి, మూతి తుడుచుకుంటూ వస్తోంది. వరహాలమ్మ ఆ పిల్ల చేతులు వాసన చూసింది. కొంగు ముడి తడిమింది. అక్కడితో ఆగినా బాగుండేది. పైడమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు ఆ పిల్ల పెట్టె తెరిచింది.

చీరల కింద ఒక పొట్లం ఉంది. అందులో ఉప్పూ కారం అద్దిన పచ్చి చింతకాయ ముక్కలు. అప్పుడే పైడమ్మ బిందెతో గుమ్మంలోకి వచ్చింది. మామకి నువ్వేనా ఇవి పెడుతున్నది అని వరహాలమ్మ నిలదీసింది. పైడమ్మ బిందె దింపి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవి తనకేనంది. మూడో నెలంది. పులుపు మీదకి మనసు పోతోందంది. మొగుడొచ్చాక ముందు ఆయనకి చెప్పి, తర్వాత అందరికీ చెబుదామనుకున్నానంది.

ఇంకెవరైనా అయితే ఆ పిల్లని దగ్గరికి తీసుకునేవారు కదూ? వరహాలమ్మ తీసుకోలేదు. సరేలే అని తలూపింది గాని నమ్మలేదు. కడుపుతో ఉన్న మాట నిజమే కావచ్చు, మామకి పెట్టడం లేదన్న మాట నిజమని ఏమిటి, అనుకుంది. ఆ రోజు నుంచి పైడమ్మ అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. అత్తా అని పిలవడం మానేసింది.

ఆ తర్వాత అనుమానం అచ్చియ్య మీదకి మళ్ళింది. అచ్చియ్యది వీధి చివర జంతికల కొట్టు. డాక్టరమ్మ నడవమందని గవరయ్య రోజూ సాయంత్రం ఆ వైపే నడుస్తాడు. వరహాలమ్మ వెళ్ళి గట్టిగా అడిగింది. ఆయన రావడం నిజమే గాని ఏమీ తీసుకోవడం లేదని అచ్చియ్య చెప్పాడు. కావాలంటే ఈ పొయ్యి మీద ఒట్టన్నాడు. ఇంత ఒట్టెందుకు వేస్తున్నాడు, ఏమీ లేకపోతే, అనుకుంది ఆవిడ.

ఇక మిగిలింది గవరయ్యే. మూడోనాడు వరహాలమ్మ మొగుడి వెనకాలే బయల్దేరింది. కొట్టు దగ్గర గోనెబస్తాల చాటున నిలబడి, కొంగు తలమీద కప్పుకుని చూసింది. గవరయ్య వాచిన కాళ్ళతో మెల్లగా నడిచి, అచ్చియ్య కొట్టు ముందు ఆగాడు. నూనెలో జంతికలు వేగుతున్నాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ వాసన గుండెనిండా పీల్చుకున్నాడు. అచ్చియ్య ఒక ముక్క చేతిలో పెట్టబోతే వద్దని తల అడ్డంగా ఊపి, వచ్చిన దారినే తిరిగి నడిచాడు.

తన మొగుడు తినడం లేదని వరహాలమ్మ కళ్ళారా చూసింది. కానీ ఆ అనుమానం ఉంది చూశావూ, అది అంత తేలిగ్గా పోదు. కోడలు పెట్టక, అచ్చియ్య పెట్టక, ఈయన తినక, మరి ఆ వాపెక్కడిది?

ఆ మర్నాడు పైడమ్మ పరీక్ష చేయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. మామ కాళ్ళ సంగతి చెప్పి, డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళొచ్చేసరికి గవరయ్య అన్నం తింటున్నాడు. డాక్టరమ్మ పీట వాల్చుకుని ఆయన కంచం పక్కనే కూర్చుంది.

కంచంలో అన్నం, చప్పిడి పప్పు. ఆ పక్కన రెండు అప్పడాలు, మూడు చల్ల మిరపకాయలు, గుప్పెడు వడియాలు. ఇవేమిటని డాక్టరమ్మ అడిగింది. చప్పిడి ముద్ద గొంతు దిగక ఆయన అవస్థ పడుతుంటే చూడలేక, నంజుకోడానికి రెండు పూటలా తనే వేయిస్తున్నానని వరహాలమ్మ గర్వంగా చెప్పింది. జంతికలు మాత్రం ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదంది.

డాక్టరమ్మ ఒక చల్ల మిరపకాయ కొరికింది. వెంటనే మంచినీళ్ళు అడిగింది. తాగి, మెల్లగా అంది: "ఇది ఉప్పు కాదా వరహాలమ్మా?"

వరహాలమ్మ తన చేతులు చూసుకుంది. మిరపకాయలు ఊరబెట్టిన చెయ్యి తనదే. వడియాల పిండిలో గుప్పెళ్ళు పోసిన చెయ్యీ తనదే.

అప్పుడు గవరయ్య తల దించుకుని చెప్పాడు. "నాకు తెలుసే. నువ్వంత ఆపేక్షగా పెడుతుంటే వద్దనలేకపోయాను. కరకరలాడుతోంది కదా అని నేనూ ఊరుకున్నాను."

ఆ తర్వాత వరహాలమ్మ పెరట్లోకి వెళ్ళింది. పైడమ్మ అక్కడ బట్టలు ఆరేస్తోంది. నీ పెట్టె తెరవడం తప్పేనని వరహాలమ్మ ఒప్పుకుంది. పైడమ్మ చేతిలో బట్ట దులిపి తీగ మీద వేసింది.

"తెరిచావు, సరే. నేను చెప్పాక కూడా నమ్మలేదు చూడు, అదీ నా బాధ."

వరహాలమ్మ బట్టల బుట్ట తన దగ్గరికి లాక్కుంది. మిగిలిన బట్టలు తనే ఆరేసింది.

ఆ రోజు డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ గవరయ్యని ఒక మాట అడిగింది. నాలుక అడుగుతున్నది ఉప్పా, కరకరా అని. గవరయ్య నాలుక చప్పరించి చూసుకున్నాడు. ఎక్కువ కరకరే అన్నాడు. అయితే కరకర ఉంచి ఉప్పు తీసెయ్యండని ఆవిడ చెప్పింది.

వరహాలమ్మ ముందు కీరదోసకాయ చక్రాలు తరిగి పెట్టింది. గవరయ్య రెండు నమిలి, ఇందులో కరకర తక్కువ, నీళ్ళెక్కువ అన్నాడు. ఆ తర్వాత శనగలు వేయించి పెట్టింది. వాటితో పన్ను కదిలినంత పనైంది. ఇక పైడమ్మ లేచింది. పలచటి అటుకులు దోరగా వేయించింది. చెంచాడు నూనెలో వెల్లుల్లి, కరివేపాకు, ఎండుమిర్చి వేగనిచ్చి కలిపింది. పైన మిరియాల పొడి, ఉప్పు వెయ్యని మామిడి ఒరుగుల పొడి చల్లింది. గవరయ్య పిడికెడు నోట్లో పోసుకున్నాడు. చప్పుడు వీధిలోకి వినిపించింది.

ఉప్పు గుర్తురాకుండా పోయిందా అంటే, లేదు. మొదటి పది రోజులూ నాలుక గోల పెట్టింది. ఆ తర్వాత మెల్లగా సర్దుకుంది. వంకాయలో తీపి ఉంటుందని గవరయ్యకి అప్పుడే తెలిసింది. నెల తిరిగేసరికి వాపు సగానికి పైగా తగ్గింది. పట్నం ప్రయాణం తప్పింది. మాత్రలు మాత్రం మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఒక సాయంత్రం వరహాలమ్మ బియ్యం ఏరుతోంది. పెరట్లోంచి కరకర వినపడింది. పాత అలవాటు కదా, ప్రాణం ఒక్కసారి అటు లాగింది. చేట పక్కన పెట్టి గబగబా వెళ్ళింది. మామా కోడలూ అరుగు మీద ఒకే పళ్ళెంలోంచి తింటున్నారు. ఆవిడ చూపు పళ్ళెం మీదకి పోయింది. వంగి వాసన చూడాలనిపించింది. చూడలేదు. చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.

పైడమ్మ కొంచెం పక్కకి జరిగింది.

"రా అత్తా, కూర్చో," అంది.

వరహాలమ్మ కూర్చుంది.

కరకర కరకర అటుకులు,
కరివేపాకు ఘుమఘుమలు,
కలిసి కూర్చుంటే కబుర్లు.
కథేమో కంచికి నడిచింది,
కన్నేమో నిద్రకు వాలింది.