ఉల్లిపొట్టు గౌను

హిమజకి ఒక చెయ్యి తక్కువైంది. తనకి కాదు లెండి, తను కుట్టిన గౌనుకి.

పెద్ద షోలో మొట్టమొదటిసారి తన పేరు మీద ఒక గౌను వెళ్లబోతోంది. పట్టుతో కాదు, జరీతో కాదు, ఉల్లిపొట్టుతో. హాస్టళ్ల వంటగదుల్లో పారేసే పొట్టంతా ఏరుకొచ్చి, నానబెట్టి మెత్తబరిచి, పల్చటి నూలుగుడ్డ మీద పొర మీద పొర పరిచి కుట్టింది. లైటు వేస్తే రాగిరేకులా మెరిసే ఆ గౌనుని చూసి మేమంతా నోళ్లు వెళ్లబెట్టాం. తీరా ఎడమచెయ్యి మొదలుపెట్టేసరికి పొట్టు నిండుకుంది. హాస్టళ్లకేమో సెలవులు. షో ఎల్లుండి.

మా గురువు అలివేలు గారు. పేరున్న డిజైనరే అయినా, కత్తెర పట్టిన ఎవరినైనా పిలిచినట్టే ఆవిడనీ మేం మాస్టారనే పిలుస్తాం. ఆవిడ సరే అంటేనే బట్ట షోకి వెళ్తుంది, లేదంటే అల్మారాలోకి. ఊరెళ్లిన మాస్టారు ఆ పొద్దున్నే తిరిగొచ్చారు.

గౌను చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అబ్బ! ఎంత పని చేశావే పిల్లా!" అని అంచు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

హిమజ ఆగలేకపోయింది. "మళ్లీ పొట్టు సంపాదించాను మాస్టారూ. ఎడమచెయ్యి మోచేతి దాకా వచ్చేస్తుంది. ఇంకో రెండు బస్తాలు చెప్పాను, అవీ వస్తే మణికట్టు దాకా దిగుతుంది."

"బస్తాలేంటి?" అంటూనే మాస్టారు కాళ్లు కడుక్కోడానికి పెరట్లోకి నడిచారు. అక్కడ ఒలిచిన ఉల్లిపాయలు గుట్టగా పడున్నాయి.

"ఇవేంటే?"

"అవా? అది వేస్టు మాస్టారూ. చెత్తబండి వస్తే ఎత్తించేస్తాను."

ఇక పడతాయి అక్షింతలు అనుకుని మేం పక్కకి తప్పుకున్నాం. ఆవిడ మాత్రం కొంగు బొడ్లో దోపుకుని, కత్తిపీట ముందేసుకుని కూర్చున్నారు.

"పొయ్యి వెలిగించు. శనగపిండి తెప్పించు."

"మాస్టారూ, నేను చెయ్యి కుట్టుకోవాలి..."

"ముందు ఇవి అవనీ."

ఇక చూస్కోండి, పకోడీల జాతర! పక్క షాపు టైలర్లు, సందు చివర ఆటోవాళ్లు, ఇస్త్రీ బండి చంద్రమ్మ, ఎవరొస్తే వాళ్లకి పొట్లం. చెత్తబండి యాదగిరి అన్న హారన్ కొట్టుకుంటూ వచ్చి, ఎత్తడానికేం లేక, కడుపారా తిని ఇంటికి కూడా కట్టించుకెళ్లాడు. హిమజ మాత్రం బాణలి ముందు నిలబడి ముక్కు ఎగబీలుస్తోంది. ఉల్లి ఘాటు కొంత, మాస్టారి మీద కోపం చాలా.

మధ్యాహ్నం దాటాక చంద్రమ్మ మళ్లీ వచ్చింది. "ఇంకేమన్నా మిగిలినయా బిడ్డా? మా మనవడు అడుగుతుండు."

హిమజకి అంత కోపంలోనూ నవ్వొచ్చింది. పొట్లం కడుతుంటే ఫోను మోగింది. అవతల ఉల్లిపాయల వ్యాపారి. స్పీకర్లో మా అందరికీ వినపడింది. "మేడమ్, ఆ రెండు బస్తాలు లోడ్ చేయించమంటారా?"

హిమజ గుట్ట వైపు చూసింది. ఇంత తిన్నా ఇంకా సగం అలాగే ఉంది.

"వద్దన్నా. ఉన్నవే ఇంకా తినాలి."

మాస్టారు తలెత్తలేదు. చేతిలోని పకోడీ నముల్తూ, "ఈ వాయిలో ఉప్పు తగ్గింది," అన్నారు.

మర్నాటికి పకోడీలు పోయి పులుసొచ్చింది, పులుసు పోయి పచ్చడొచ్చింది. గుట్ట ఖాళీ అయ్యాకే హిమజ సూది పట్టింది. మాస్టారు గౌనుని ఇంకోసారి చూసి, స్వయంగా మడతపెట్టి వ్యానులో పెట్టించారు.

షోలో చప్పట్లే చప్పట్లు. అయిపోయాక ఒక టీవీ అమ్మాయి మైకు పట్టుకొచ్చి, "ఎడమచెయ్యి మోచేతి దగ్గరే ఆపేశారు, చాలా కొత్తగా ఉంది. దీని వెనక కాన్సెప్ట్ ఏంటండీ?" అని అడిగింది.

"కాన్సెప్టేం లేదండీ," అంది హిమజ. "షో టైముకి మేం అంతవరకే తిన్నాం."