ఎస్పెరామోస్

ఫాదర్ ఇన్నారెడ్డి విశాఖలో స్పానిష్ నేర్పేవారు. ప్రతి మాటకూ లాటిన్‌లో తల్లి ఎవరో, ఇంగ్లీషులో చుట్టం ఎవరో శిష్యులతో చెప్పించడం ఆయన అలవాటు. చేతిని ‘మానో’ అంటే, తల్లి ‘మానుస్’, చుట్టం ‘మాన్యువల్’ అనాలి.

ఒకనాడు జెసింత అనే శిష్యురాలు అడిగింది. “లాటిన్‌లో ‘స్పేరారె’ అంటే ఆశపడటం. అది స్పానిష్‌లో ‘ఎస్పెరార్’ అయ్యాక ఆశపడటానికీ అదే మాట, ఊరికే ఎదురుచూడటానికీ అదే మాట. ఇంగ్లీషులో దాని చుట్టమేమో ‘డిస్పెయిర్’, ఆశ చచ్చిపోవడం. ఒక్క తల్లికి ఇలాంటి సంతానమేమిటి ఫాదర్?”

ఫాదర్ పుస్తకం మూసి చెప్పడం మొదలుపెట్టారు.

రేవు పక్క పేటలో కాసులమ్మ అని ఉండేది. ఆమె భర్త అప్పన్న పనిచేసే సరుకుల ఓడ చిలీ దగ్గర కనిపించకుండా పోయింది. నాలుగు నెలలకు అక్కడి రేవు ఆఫీసు నుంచి స్పానిష్‌లో ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని ఫాదర్ దగ్గరికి తెచ్చి, “ఏటి రాసినారు బాబూ?” అంది. అందులో ఉన్నది ఒకే వాక్యం: ‘ఎస్పెరామోస్ నోతీసియాస్.’ కబురు కోసం చూస్తున్నాం, అంతే. గుమాస్తాలు అందరికీ రాసే వాక్యమది. ఫాదర్ ఆమె మొహం చూసి, “కబురొస్తుందని వాళ్లకి ఆశ ఉందట అమ్మా” అన్నారు.

మరో ఉత్తరం రాలేదు. అన్నదమ్ములు తమతో పూరీ వచ్చెయ్యమన్నా కాసులమ్మ కదల్లేదు. ఆరేళ్లు గడిచాయి. పెద్ద తుపాను వస్తోందని పేటంతా ఖాళీ చేయిస్తుంటే, ఫాదర్ స్వయంగా వెళ్లి రమ్మని బతిమాలారు.

“ఆసుందని మీరే సదివేరు కదా బాబూ,” అందామె. “ఆయనొచ్చేసరికి ఇంట్లో మనిషి లేకపోతే ఎలాగండి?”

అప్పుడైనా నిజం చెప్పేద్దామని ఫాదర్ నోరు తెరిచారు. చెప్పకుండానే వెనుదిరిగారు. మర్నాటికి ఆ ఇళ్ల వరుసలో ఒక్క గోడ మిగల్లేదు. కాసులమ్మ మూడో రోజున ఇసుకలో దొరికింది.

జెసింత మెల్లగా, “ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయి కదా ఫాదర్. మీరు తప్పు చదివారని ఎలా అంటాం?” అంది.

“రెండూ నాకు తెలుసు,” అన్నారు ఫాదర్.