చెవులున్న కుండ

నిన్నే. పక్కకు చూడకు, నీతోనే మాట్లాడుతున్నాను. ఎవరో ఊరికే ఇస్తున్నారంటే పరుగెత్తావు. కింద ఏమి రాసి ఉందో చదవలేదు. సరేనని బొటనవేలు నొక్కి, ఆ వస్తువును చంకలో పెట్టుకుని వచ్చావు. సంతలో వంకాయ కొనేటప్పుడు పుచ్చు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తావు కదా! దీన్ని ఎందుకు తిప్పి చూడలేదు? సిగ్గుపడడం తర్వాత. ముందు కూర్చుని విను.

అనగా అనగా, ఎర్రకొండల నడుమ ఉలిపాడు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ రాతిపని వాళ్ళు. కొండను చీల్చి రోళ్ళు చేసేవారు, తిరగళ్ళు చేసేవారు, గడపలు చెక్కేవారు. పొద్దున్న మొదలైన సుత్తి మోత పొద్దుగుంకితే గాని ఆగేది కాదు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు కనుక, పని దగ్గర అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. బొటనవేలు కిందికి చూపితే నీళ్ళు. రెండు వేళ్ళు అడ్డం పెడితే ఆగు. ఇట్లా వందల మాటలు. పసిపిల్లలకు కూడా వచ్చు.

వాళ్ళకు ఇంకొక అలవాటు ఉండేది. ఏ రాయినైనా ఉలి పెట్టే ముందు మూడుసార్లు కొట్టి వినేవారు. లోపల పగులుంటే రాయి చెబుతుంది. కుండ కొన్నా అంతే. వేలిముడితో మూడుసార్లు కొట్టి, ఖణ్‌మని మోగితేనే ఇంటికి తెచ్చుకునేవారు.

ఆ ఊరికి కుండలు చేసేది ఓబులమ్మ. మొగుడు పోయాక సారె తానే తిప్పి కొడుకును పెంచింది. కోడలి పేరు ఈరమ్మ. పాపం, ఆ పిల్లకు రెండు కాన్పులు పోయాయి. ఇప్పుడు మూడోసారి కడుపుతో ఉంది. దిష్టి తగులుతుందని ఆ సంగతి గడప దాటనివ్వలేదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కొండ రాత్రికి కూడా చల్లబడేది కాదు. అప్పుడు ఆ ఊరికి ప్రియంవదుడు అనే వర్తకుడు వచ్చాడు. తెల్లని బట్టలు, నెమ్మదైన మాట. ఊరి చివర పెద్ద మేడ కట్టించాడు. ఒకనాడు అతని మనుషులు ఇంటింటికీ ఒక నల్లని కుండ తెచ్చారు. కుండకు రెండు చెవులున్నాయి. పట్టుకోవడానికి వీలుగా చేసిన చెవులు కావు. అచ్చం మనిషి చెవులే, మడతలతో సహా.

"ఊరికే ఇస్తున్నాను తల్లీ," అన్నాడు ప్రియంవదుడు. "నీళ్ళు పోసుకోండి, మంచులా చల్లబడతాయి. రోజూ పొద్దున్నే మా వాళ్ళు పాత కుండ తీసుకుని కడిగిన కుండ పెట్టి వెళతారు. నాకు మీ మంచి తప్ప ఏమీ అక్కర్లేదు."

కుండకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తాంబూలంతో ఇచ్చాడు. తాంబూలంతో ఇచ్చినదాన్ని వేలితో కొట్టి చూస్తే ఇచ్చినవారికి అవమానం అనుకున్నారు ఉలిపాడు జనం. తాతల నాటి నుంచి రాయిని కొట్టి వినే ఊరు, ఆ ఒక్క కుండను కొట్టి వినలేదు.

చివరికి కుమ్మరి ఓబులమ్మ కూడా.

నీళ్ళు నిజంగానే పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. ఇంటివాళ్ళంతా కుండ చుట్టూ చేరేవారు. అక్కడే కూర్చునేవారు, అక్కడే మాట్లాడుకునేవారు. ఓబులమ్మ సారె ఆగిపోయింది. "కాలం మారింది," అని ఊరుకుంది.

మొదట తిరుమలయ్య ఇంట్లో జరిగింది. నీళ్ళు ముంచుకుంటూ భార్య కాటమ్మతో, "మోకాలు పోటు పెడుతోందే," అన్నాడు. మర్నాటి మధ్యాహ్నం ఒక తైలాలవాడు వేరే ఎవరి గుమ్మమూ తొక్కకుండా నేరుగా వాళ్ళ ఇంటికే వచ్చాడు.

"కుడి మోకాలే కదా అయ్యా?"

"దేవుడు పంపినట్టు వచ్చావయ్యా!" అని తిరుమలయ్య సంబరపడ్డాడు. కుడి మోకాలని ఎవరు చెప్పారో అడగలేదు.

తర్వాత పొరుగింటి హనుమక్క వంతు. ఆమె కూతురికి మూర్ఛ వస్తుంది. పెళ్ళీడు పిల్ల అని ఎవరికీ చెప్పలేదు, ఒక్క కాటమ్మకు తప్ప. ఒక ఉదయం తాయెత్తులవాడు వీధి మధ్యన నిలబడి, "హనుమక్క ఇల్లు ఏదమ్మా? మూర్ఛ పిల్ల ఉన్న ఇల్లు!" అని అరిచాడు. వీధి వీధంతా తలుపులు తీసింది.

హనుమక్క చీపురు పట్టుకుని కాటమ్మ మీదికి పోయింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదా వదినా? నా బిడ్డ బతుకును బజారుకెక్కిస్తావా?"

"నా బిడ్డల తోడు, నేను అనలేదే!"

"నువ్వు కాకపోతే గోడలు చెప్పాయా?"

ఇరవై ఏళ్ళ స్నేహం ఆ పూటతో తెగింది. ఆ తర్వాత ఊళ్ళో ఇట్లాంటివి ఎన్నో. అన్న తమ్ముణ్ణి అనుమానించాడు, అత్త కోడలిని అనుమానించింది. ఎవరినీ ఏమీ అనకుండా, మూలన కుండ మాత్రం చల్లగా కూర్చుని ఉంది.

ఆ వరసలోనే ఓబులమ్మ ఇంటి వంతు వచ్చింది. ఒకనాడు ఉయ్యాలలు అమ్మేవాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఈరమ్మను చూసి నవ్వాడు. "ఐదో నెల కదమ్మా? రెండు పోయినా మూడోది నిలుస్తుందిలే. ఉయ్యాల తీసుకో."

ఈరమ్మ తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి అమ్మేవాళ్ళు వరుసగా వచ్చారు. ముందు రోజు ఆమె దేనికి భయపడితే, మర్నాడు దానికి మందు వచ్చేది. కడుపులో కదలిక లేదని మెల్లగా అంటే కదలికల కషాయం వచ్చేది. పీడకల వచ్చిందని అంటే పీడకలల రక్షరేకు వచ్చేది. ఎక్కడ భయం ఎక్కువగా ఉందో వాళ్ళు అక్కడే వేలు పెట్టేవారు. ఈరమ్మ తిండి మానేసింది. గుమ్మంలో అడుగు చప్పుడైతే వణికేది. నెల తిరిగేసరికి పిల్ల సగమైంది.

ఓబులమ్మ కొడుకును నిలదీసింది. "ఎవరితో అన్నావురా?"

"అమ్మా, నీ మీద ఒట్టు. కుండ దగ్గర కూర్చుని ఈరమ్మతోనే అన్నాను."

కుండ దగ్గర. ఆ మాట ఓబులమ్మకు తగులుకుంది. లేచి మూలకు వెళ్ళింది. నలభై ఏళ్ళుగా కుండలు కొట్టి విన్న వేలిని మడిచి, మూడుసార్లు కొట్టింది.

కుండ మోగలేదు. పగిలిన కుండ బొంగురుగా పలుకుతుంది, పచ్చికుండ మెత్తగా పలుకుతుంది. ఇది ఏమీ పలకలేదు. కొట్టిన చప్పుడును లోపలికి మింగేసింది.

ఓబులమ్మ వంగి దాని మూతికి చెవి ఆనించింది. లోపలి నుంచి కోడలి గొంతు, చాలా సన్నగా, "నాకు భయమేస్తోంది," అంది. అప్పుడు ఈరమ్మ పెరట్లో చింతపండు పిసుకుతోంది. నోరు కూడా మెదపడం లేదు.

ఓబులమ్మ చటుక్కున తల ఎత్తింది. కానీ కుండను పగలగొట్టలేదు. ఒక్క కుండ పగిలితే ఇంకో కుండ వస్తుందని ఆమెకు తెలుసు. వీధివాళ్ళను పిలిచింది. వాళ్ళ ముందే కుండ మీదికి వంగి, "నాకు ఎడమకాలి చెప్పు ఒక్కటే కావాలి. ఎర్రది," అంది.

"ముసల్దానికి ఎండదెబ్బ తగిలింది," అని తిరుమలయ్య నవ్వాడు.

మర్నాటి మధ్యాహ్నం చెప్పులవాడు వచ్చాడు. తట్ట నిండా ఎర్రచెప్పులు. అన్నీ ఎడమకాలివే.

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

అందరూ మేడకు వెళ్ళారు. ప్రియంవదుడు చేతులు జోడించి ఎదురొచ్చాడు. "నేను మిమ్మల్ని ఒక్క మాట అడిగానా తల్లీ? మీరే మాట్లాడారు. అమ్మేవాడికి దారి చూపించాను, కావలసినవాడికి సరుకు చేర్చాను. మీకు ఇష్టం లేకపోతే సరి. రేపటి నుంచి ప్రతి కుండకూ పట్టుగుడ్డతో మూతి కడతాను. నా మాట నమ్మండి."

జనం మెత్తబడ్డారు. "మూతి కడతానంటున్నాడు కదా," అన్నాడు తిరుమలయ్య. "అయినా మా ఇంట్లో దాచుకునేది ఏముంది ఓబులక్కా? చల్లని నీళ్ళు తాగుతున్నాం."

"దాచుకునేది లేకపోతే నీ ఇంటికి తలుపెందుకురా తిరుమలయ్యా? పీకి నాకివ్వు, కుండలు కాల్చే ఆవంలో పెట్టుకుంటాను," అంది ఓబులమ్మ. "మూతి కడతాడట! అది మూతితో వింటోందా? చెవులను చూడరేం?"

ఎవరూ చూడలేదు. ఎండ మండిపోతోంది, నీళ్ళు చల్లగా ఉన్నాయి. పట్టుగుడ్డ ఎంతో అందంగా ఉందని మెచ్చుకుంటూ ఇళ్ళకు పోయారు.

కుండలకు మూతులు కట్టిన మూడో నాడు ఓబులమ్మ గుమ్మంలోకి ఒక కొత్త మనిషి వచ్చాడు. గంప లేదు, తట్ట లేదు. చేతి మీద తెల్లని గుడ్డ ఒకటి మడత పెట్టుకుని ఉన్నాడు. మూరెడు గుడ్డ.

"ఎవరికయ్యా ఇది?" అంది ఈరమ్మ.

"పసివాళ్ళకేనమ్మా," అన్నాడు వాడు ఎంతో మర్యాదగా. "ఈ బిడ్డ కూడా దక్కదేమోనని నిన్న అన్నావట. అప్పటికప్పుడు దొరకదు కదా, ముందే ఉంచుకుంటావని తెచ్చాను."

ఈరమ్మ ఒక్క కేక పెట్టి పడిపోయింది. కేకకు వీధంతా పరుగెత్తుకొచ్చింది. ఆ తెల్లగుడ్డను అందరూ చూశారు. హనుమక్క చూసింది, కాటమ్మ చూసింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హనుమక్క వెళ్ళి కాటమ్మ చెయ్యి పట్టుకుంది.

ఓబులమ్మ కోడలి తలను ఒడిలో పెట్టుకుని ఏదో అనబోయింది. మూలన కుండను చూసి ఆగింది. నోరు మూసుకుని చెయ్యి ఎత్తింది. పెదవుల ముందు పిడికిలి బిగించింది. తర్వాత ఏడు వేళ్ళు చూపింది, ఏడు రోజులు ఎవరూ నోరు విప్పవద్దని.

రాతిపని వాళ్ళకు వేరే చెప్పాలా? ఆ చేతి మాట గడప గడపకూ పాకింది.

మర్నాటి నుంచి ఉలిపాడులో ఇళ్ళల్లో మాట లేదు. భార్యాభర్తలు చేతులతో పోట్లాడుకున్నారు. అవ్వలు చేతులతో కథలు చెప్పారు. పాలు కావాలన్నా, పక్క వేయాలన్నా చేతులే. కొండ మీద సుత్తుల మోత తప్ప ఊళ్ళో మనిషి గొంతు వినబడలేదు. ఈరమ్మకు అత్త రోజుకు వందసార్లు ఒకే మాట చెప్పేది, రెండు అరచేతులూ దొప్పలా చేసి గుండెకు ఆనించి. నేనున్నాను అని.

మూడో నాడు ప్రియంవదుడు వీధిలోకి వచ్చాడు. "ఏమమ్మా, పలకరే? నీళ్ళు చల్లగా లేవా?" అన్నాడు. జనం తల ఊపి లోపలికి పోయారు. ఐదో నాడు వచ్చాడు. ముఖాన నవ్వుంది, నుదుట చెమట ఉంది. కుండలు రోజూ మేడకు పోతున్నాయి, కానీ ఒక్క మాట లేకుండా ఖాళీగా పోతున్నాయి. మేడ ముందు అమ్మేవాళ్ళు గుంపుగా నిలబడి, "ఏ గుమ్మానికి పోవాలయ్యా?" అని అడుగుతున్నారు.

ఆ మేడలో, నట్టనడుమ ఒక గోలెం ఉండేది. మనిషి లోతు ఉంటుంది. దాని చుట్టూ చెవులే. ఊళ్ళో ఎన్ని ఇళ్ళో అన్ని చెవులు. రోజూ కుండల్లోని మాటలు అందులో ఒంపి, వాటిని విని, అమ్మేవాళ్ళకు చెప్పడం అతని పని. ఏడు రోజులుగా ఆ గోలెంలో ఒక్క మాట పడలేదు. మాటలు తిని బతికేదానికి ఏడు రోజుల ఆకలి.

ఏడో నాటి మిట్టమధ్యాహ్నం, అమ్మేవాళ్ళంతా గుమ్మం దగ్గర నుంచి చూస్తూ ఉండగా, ప్రియంవదుడు గోలెం అంచు పట్టుకుని లోపలికి వంగాడు. "మాట్లాడు!" అని అరిచాడు. "ఒక్క మాటైనా చెప్పు!"

చెవులన్నీ ఒకేసారి అతని వైపు తిరిగాయి.

అతని అరుపు గోడలకు తగలలేదు, తిరిగి రాలేదు. అది లోపలికి దిగిపోయింది. దాని వెనకే గొంతులో మిగిలిందంతా నూలులా సాగి దిగిపోయింది. అతను తల ఎత్తి మనుషులను పిలిచాడు. పెదవులు ఆడాయి, శబ్దం లేదు. అమ్మేవాళ్ళు ఆ నోటిని చూసి తట్టలు వదిలేసి పరుగెత్తారు.

ఆ పూటే ఊళ్ళో కుండలన్నింటికీ చెవులు ఎండుటాకుల్లా రాలిపోయాయి. ఓబులమ్మ సారె మళ్ళీ తిరిగింది. ఆమె కుండల్లో నీళ్ళు మంచులా ఉండవు, కుండలో నీళ్ళలా ఉంటాయి. ఉలిపాడు జనం వాటిని మూడేసిసార్లు కొట్టి చూసి తీసుకున్నారు. తిరుమలయ్య ఏడుసార్లు కొట్టాడు. ఈరమ్మకు నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల మొదటి ఏడుపుకు, కొత్త కుండ ఖణ్‌మని మారుమోగింది.

విన్నావు కదా! ఊరికే వచ్చినదాన్ని రెండింతలు కొట్టి చూడు. నీ ఇంటి మాటను నీ ఇంటి గడపలాగా కాపాడుకో. ఇక ఆ వర్తకుడంటావా? మేడ కూలిపోయింది. అతను ఇప్పటికీ ఊరూరా తిరుగుతూ, కనబడిన ప్రతి ఖాళీ కుండకూ చెవి ఆనించి తన గొంతు కోసం వెతుకుతున్నాడు. ఊరంతటికీ ఊరికే నీళ్ళు ఇచ్చినవాడు, దాహమైతే అడగడానికి మాట లేక గుమ్మంలో దోసిలి పడతాడు. ఉలిపాడు వాళ్ళు కఠినులు కారు, నీళ్ళు పోస్తారు. కానీ అతను తాగి, మూతి తుడుచుకుని, వీధి మలుపు దాటి వెళ్ళేదాకా, ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడరు.