ముడివేసిన రెండు చీటీలు

ఆ ఊళ్లో కోట గోడకు ఒక నల్ల కిటికీ ఉండేది. చీటీ మీద పని రాసి లోపలికి తోస్తే ఆ పని అయిపోయేది. లోపల ఉన్నదెవరో ఎవరూ చూడలేదు. వాళ్లు ఎదురు ప్రశ్న వేసేవాళ్లు కారు, రాసింది రాసినట్టు చేసేవాళ్లు. అంతే.

ఆ కిటికీతో పని చేయించుకోవడంలో గవరయ్య దిట్ట. తక్కినవాళ్లు పని పడ్డప్పుడల్లా తల గోక్కుంటూ కొత్త చీటీ రాసుకునేవాళ్లు. గవరయ్య మాత్రం ఒకసారి కుదిరిన చీటీని పారెయ్యకుండా దాచుకునేవాడు. పోయింది వెతకడానికి ఒకటి, కలిసిపోయిన పప్పులు వేరు చెయ్యడానికి ఒకటి, వరసగా పేర్చడానికి ఒకటి. ఒక్కో చీటీకి ఒక్కటే పని. పేరు రాయడానికి మధ్యలో కాస్త జాగా. రెండు చీటీలను దారంతో ముడివేస్తే, మొదటిది తెచ్చిచ్చినదాన్ని రెండోది అందుకునేది. ఎంత తెలివో చూడండి! “గవరయ్యా, ఓ వెతుకుడు చీటీ ఇస్తావా?” అంటూ పొద్దున్నుంచీ గుమ్మం ముందు జనమే.

భార్య మాత్రం సణిగేది. “ఆ చీటీల పిచ్చేమిటండీ? కవ్వం ఎక్కడుందో నన్నడిగితే చెప్పనూ?”

“నువ్వు లేచేలోపు వాళ్లు తెచ్చేస్తారే,” అని నవ్వేవాడు. వెటకారమే గాని ఆవిడంటే వల్లమాలిన ప్రేమ. ఆవిడ వడ్డిస్తే తప్ప ముద్ద దిగేది కాదు.

ఒకరోజు పొద్దున్నే అటక మీదినుంచి పాత కావడిబద్ద నెత్తిన పడింది. గవరయ్యకు ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడే కూర్చుని రెండు చీటీలు రాశాడు. “ఏడాదిగా ఈ ఇంట్లో ఎవరూ పేరెత్తనివన్నీ ఏరండి” అని మొదటిది. “ఏరినవాటిని తీసుకుపొండి” అని రెండోది. ఆలోచన బాగానే ఉంది మరి. వాడుకునే వస్తువైతే చెంబేదీ, చాటేదీ అని ఎప్పుడో ఒకప్పుడు అంటాం కదా! రెండూ ముడివేసి, కిటికీలోకి తోసి, హాయిగా ఇంటికి నడిచాడు.

అటక ఖాళీ. విరిగిన గొడుగు లేదు, తుప్పు పట్టిన తాళాలు లేవు. “ఇదిగో, చూశావా!” అని కేకేశాడు.

పలుకు లేదు. పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతోంది. గరిటె నేల మీద పడి ఉంది. “ఏమేవ్!” అంటూ పెరట్లోకి పరుగెత్తాడు. అక్కడా లేదు.

అప్పుడు తట్టింది మహానుభావుడికి. పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడమంటే ఆ ఊరి మగాళ్లకు సిగ్గు. ఇదిగో, ఏమేవ్, వింటున్నావా... ఇరవై ఏళ్ల కాపురం వీటితోనే గడిచిపోయింది.

వెంటనే వెతుకుడు చీటీ తీశాడు. పేరు రాసే జాగా దగ్గర కలం ఆగిపోయింది. పెళ్లిపీటల మీద పురోహితుడు చెప్పగా ఒక్కసారి విన్నాడు. నాలుక చివరే ఉన్నట్టుంది, రావడం లేదు. ఛీ, ఏం మనిషివయ్యా!

పక్కింటి అప్పలనరసమ్మ దగ్గరికి పరుగెత్తాడు. “చెల్లమ్మా, మా ఆవిడ పేరేమిటి?”

“నేనెప్పుడూ వదినా అనే పిలిచాను అన్నయ్యా,” అందావిడ బిత్తరపోయి. ఎదురింటివాళ్లకు ఆవిడ అక్క. పాలవాడికి అమ్మగారు. వీధంతా తిరిగినా పేరు దొరకలేదు.

‘నా భార్య’ అని రాసి కిటికీలోకి తోశాడు. చీటీ వెనక్కి వచ్చింది. ‘నాకు రోజూ అన్నం పెట్టే మనిషి’ అని రాశాడు. అదీ వెనక్కి వచ్చింది.

ఇక చేసేది లేక కిటికీకి నోరు ఆనించి, తెలిసిన ఆడవాళ్ల పేర్లన్నీ పిలవడం మొదలుపెట్టాడు. లోపలి చీకట్లో ఒక్కో పేరుకూ ఒక్కో గొంతు “ఊఁ” అంది. దగ్గర్లో కొన్ని, ఎక్కడో లోలోపల కొన్ని. అన్నీ ఆడగొంతులే, వందల గొంతులు. అందులో ఆవిడ గొంతు లేదు.

“ఇదిగో...” అన్నాడు ఏడుస్తూ, అలవాటు కొద్దీ.

గొంతులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఆ చేతిని గవరయ్య ఎక్కడైనా గుర్తుపడతాడు. గబుక్కున పట్టుకున్నాడు. మంచులా ఉంది.

“నీ పేరు ఒక్కసారి చెప్పవే, ఇంటికి పోదాం,” అన్నాడు.

“ఎవరి పేరండీ?” అంది ఆవిడ గొంతు. “చీటీ మీద రాసివ్వండి.”