చందమామకు చూపిన విత్తనం

చిట్టడవి అంచున, రాళ్ల మిట్ట కింద, ఒక ఎర్రనేల చేను ఉండేది. దాని మీద మనుషుల పెత్తనం లేదు. జంతువులే దున్నుకుని, విత్తుకుని, పండింది పంచుకుని తినేవి. మందుల డబ్బా మొహం చూడని నేల అది. మేకల ఎరువు, ఆవుల పేడ, రాలిన ఆకు, వాటితోనే సేద్యం నడిచేది. పెద్దరికం మేక ఓబులమ్మది, అరుపులన్నీ కోడి సుంకులమ్మవి. దున్నడానికి మడక లాగే పని మాత్రం ఎద్దు పుల్లన్నది.

పుల్లన్నకు వయసు మళ్లింది. మెడ మీద కాడి ఒరుసుకున్న చోట తోలు ఎప్పుడో కాయకాచింది. ఆయన బాధ అది కాదు. పోయిన ఏడు వాన వెనకబడింది, దాంతో విత్తనమూ వెనకబడింది, మేతకు వేరుశనగ కట్టె, అంటే కాయ కోసుకోగా మిగిలే ఎండు మొక్క, పిడికెడు కూడా మిగల్లేదు. ఎండాకాలంలో తినడానికి గడ్డి లేక జత ఎద్దు మైలన్న కూలబడి మరి లేవలేదు. పన్నెండేళ్లు ఒకే కాడి మోసిన తోడు. పక్కన ఖాళీ ఉన్నా పుల్లన్న ఇప్పటికీ కాడిలో తన వైపే నడిచేవాడు. ఈ ఏడన్నా వేళకు విత్తనం పడాలి, కట్టె రావాలి, ఇంకో ప్రాణం పోకూడదు. ఆయన కోరుకునేది అంతే.

సరిగ్గా ఆ దుఃఖంలోనే దిగాడు నక్క సిద్ధయ్య. నుదుటి నిండా విబూది, మెడలో ఎండిన కాయల దండ.

"మీ చేనుకు ఎరువు తక్కువై కాదమ్మా, చంద్రబలం తక్కువై ఇట్లయింది," అన్నాడు ఓబులమ్మతో. "చచ్చిపోయిన ఎద్దు కొమ్ము ఒకటి తెప్పియ్యి. దాన్నిండా పేడ కూరి గుంతలో పూడ్చాల. చందమామ శక్తంతా ఆ పేడలోకి దిగుతాది. తొలకరికి తవ్వి, నీళ్లల్లో కలిపి చేనంతా చల్లుకుంటే చాలు."

"పేడలో అంత శక్తి ఉంటాదా సామీ?"

"పేడను మించిన శక్తి మూడు లోకాల్లోనూ లేదమ్మా."

మైలన్న కొమ్ము ఇవ్వడానికి పుల్లన్నకు మనసు రాలేదు. కానీ పోయినవాడు ఇంకొక్కసారి చేనుకు పనికొస్తాడేమోనన్న ఆశ ఉంది చూశారూ, అది చెడ్డది. తల ఊపాడు. ఏడ్చేవాళ్ల ఇంటికి ఏ వేళకు పోవాలో నక్కలకు ఒకరు నేర్పక్కర్లేదు.

తొలకరికి కొమ్ము తవ్వారు. పేడనీళ్లను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కాసేపు కుడికి, కాసేపు ఎడమకు తిప్పాలన్నాడు సిద్ధయ్య. తిప్పింది ఎవరంటారు? పుల్లన్నే. నోట కర్ర కరుచుకుని తిప్పి తిప్పి ఆయన కళ్లు తిరిగాయి. సిద్ధయ్య నీడన కూర్చుని, ఎడమకు తిప్పడం చాల్లేదని రెండుసార్లు కసిరాడు.

"ఇంక విత్తనం సంగతి," అన్నాడు తర్వాత. "గింజలకు గూడా చందమామను చూపియ్యాల. ఏడు గంపలూ నా గుహ ముందర పెట్టండి. రాత్రిపూట ఎవురూ అటు దిక్కు చూడకూడదు. చూస్తే బలం ఎదురు తిరుగుతాది."

"తిరిగితే ఏమవుతాది?" అంది సుంకులమ్మ.

"గుడ్లు పొదగవు."

సుంకులమ్మ అందరికంటే ముందు గంపల వైపు పరుగెత్తింది.

మొదటి వాన పడింది. పుల్లన్న ఒంటరిగా మడక లాగి నేల సిద్ధం చేశాడు. ఎర్రనేలలో విత్తడానికి సరిపోయే తడి, అదే పదును, మూడు రోజులు నిలిస్తే గొప్ప. మడక విడిచి నేరుగా గుహ దగ్గరికి పోయాడు.

"సామీ, పదునుండాది. గింజలిస్తే విత్తుకుంటాం."

"చందమామ పెరుగుతాండాడు కదా పుల్లన్నా. పెరిగే దినాల్లో పైన కాసేటివి వెయ్యాల. శెనక్కాయ యాడ కాస్తాది?"

"భూమిలోన."

"మరి తరిగే దినాలు రానీ."

పదును ఆరిపోయింది. పున్నమి దాటింది. రెండో వాన పడింది. నేల మళ్లీ గట్టిపడితే పుల్లన్న మళ్లీ దున్నాడు, మళ్లీ వెళ్లాడు.

"ఇప్పుడు తరుగుతాండాడు సామీ."

"తరుగుతాండాడు, నిజమే. శెనక్కాయ పూత యాడ పూస్తాది?"

"పైన."

"పైన పూసేదాన్ని తరిగే దినాల్లో వేస్తే పూత నిలబడతాదా? పెరిగేదాకా ఆగు."

పుల్లన్న వెనుదిరిగాడు. చేని మధ్యకు వచ్చి ఆగిపోయాడు. పెరిగేటప్పుడేమో అది కింద కాసేది, తరిగేటప్పుడేమో పైన పూసేది. మరి నెలలో విత్తే రోజేది? ఆయనకు కోపం రావలసింది, రాలేదు. కోపానికీ కాస్త ఓపిక ఉండాలి. కాళ్లీడ్చుకుంటూ మళ్లీ గుహ దగ్గరికే నడిచాడు.

సిద్ధయ్య అప్పటికే పొట్ట పైకి పెట్టి గురక పెడుతున్నాడు. మీసాలకు వేరుశనగ గింజల ఎర్రపొట్టు అంటుకుని ఉంది. ఏడు గంపల్లో నాలుగు వట్టివి. పుల్లన్న కాలి గిట్టతో నేల గీరాడు. నక్క ఒక కన్ను తెరిచాడు.

"నాలుగు గంపలు ఖాళీగా ఉండాయి సామీ."

"బలం ఎంత ఎక్కిందో నాలికకే తెలుస్తాది. దినామూ రుచి చూడాల్సిందే. ఏం, అనుమానమా?"

"అనుమానమేమీ లేదు సామీ," అన్నాడు పుల్లన్న. అది అబద్ధం కాదు. అనుమానం తీరిపోయింది.

వెళ్లి ఓబులమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చెవులు వెనక్కి పెట్టింది.

"అంత మాట అనొద్దు పుల్లన్నా. సామికి కోపమొస్తే ఈ నాలుగు చినుకులు గూడా పడవు. మైలన్న పోయినప్పటి నుంచి నీ మనసు మనసులో లేదు. పోయి పండుకో."

ఆ మాట ఆయనకు చాలా కష్టమనిపించింది. పండుకున్నాడు గానీ నిద్ర పట్టలేదు. నక్కను దొంగ అంటే, తానే పాపిష్టివాడవుతాడు. ఇంకో పదును పోయిందంటే మిగిలిన మూడు గంపలూ పోతాయి. వచ్చే ఎండాకాలం కూలబడేది ఎవరో ఆయనకు తెలుసు. ఒంటరిగా కాడి మోసే ముసలి ఎద్దుకు వేరే ఎవరైనా చెప్పాలా?

అమావాస్య వెళ్లింది. ఎనిమిదో నాటికి మూడో వాన పడింది. వెలిసీ వెలవకముందే పుల్లన్న ఓబులమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, పేడను మించిన శక్తి లేదన్నాడు కదా సామి?"

"అన్నాడు."

"కొమ్ములో కూరి, నీళ్లల్లో కలిపి చల్లితేనే చేనంతా పాకే శక్తి కదా. అదేదో గింజకే నేరుగా పట్టిస్తే ఎట్లుంటాది?"

ఓబులమ్మ గడ్డం ఆడిస్తూ ఆలోచించింది. "ఇన్నాళ్లకు నీకు సామి మీద గురి కుదిరిందప్పా," అంది సంతోషంగా. "రాత్రిపూట చూడొద్దన్నాడు గానీ, పగలు తాకొద్దనలేదు. కానియ్యండి."

నక్క నిద్రపోతుండగానే మూడు గంపలూ చేని గట్టుకు తెచ్చారు. ఆవు దగ్గర పచ్చిపేడ, పంచితం అడిగి తెచ్చి, పిడికెడు గట్టుమట్టి, చిటికెడు సున్నం కలిపి ప్రతి గింజకూ పట్టించారు. నిజానికి ఇదేమీ కొత్త విద్య కాదు. గింజకు పురుగు పట్టకుండా పుల్లన్న తాతల నాటి నుంచీ చేస్తున్నదే. ఒకటే చిక్కు. తడి తగిలిన గింజను మర్నాటికల్లా నేలలో వేసేయాలి.

పొద్దు వాలుతుండగా గంపలు మళ్లీ గుహ ముందుకు చేరాయి. సిద్ధయ్య లేచి ఒళ్లు విరుచుకుని, అలవాటు కొద్దీ కళ్లు మూసుకునే మూతి గంపలో పెట్టి ఒక కొరుకు కొరికాడు. అక్కడే ఆగిపోయాడు. కళ్లు తెరిచేసరికి చేను చేనంతా ఎదురుగా భక్తితో నిలబడి ఉంది.

"ఏమి సామీ, బలం ఎక్కిందా?" అంది ఓబులమ్మ.

ఉమ్మేద్దామంటే పేడ. తానే పొగిడిన పేడ. సిద్ధయ్య గుటక వేశాడు.

"ఎవరు చేసినారు ఈ పని?"

"మీ మాటే పట్టుకుని చేసినాం సామీ," అన్నాడు పుల్లన్న. "తప్పయిందా? పేడలో శక్తి లేదంటారా?"

"లేదని ఎవరన్నారు?"

"అయితే బలం ఇంకా చాల్లేదేమో. పొద్దున్నే విత్తుకుందామనుకుంటిమి. వద్దంటే ఇంకో పక్షం ఇక్కడే ఉంచుతాం. దినామూ మీరు రుచి చూస్తూ ఉండండి. ఇప్పుడే మా ముందర ఇంకో కొరుకు చూసి చెప్పండి."

సుంకులమ్మ మెడ చాచి నక్క నోటికేసి చూసింది. సిద్ధయ్య గంపను చూశాడు, గుంపును చూశాడు.

"అక్కర్లేదు. బలం నిండిపోయింది. పొద్దున్నే విత్తుకోండి."

"మరి చందమామ? పైనా, కిందా?" అంది ఓబులమ్మ.

"ఇయ్యాల సగం చందమామ కదమ్మా. పైకీ కిందికీ సమానం."

"అష్టమి మంచిది కాదంటారే?"

"అది మీకు. శెనక్కాయకు మంచిదే," అని సిద్ధయ్య మూతి కడుక్కోవడానికి వాగు వైపు పరుగు తీశాడు.

తెల్లవారగానే విత్తనపు గొర్రు కట్టారు. ఉన్న గింజలు చేనులో సగానికి కూడా చాల్లేదు. మిగిలిన సాళ్లు ఖాళీగా వదిలేయాల్సి వస్తే పుల్లన్నకు ఏడుపొచ్చింది. అయినా గొర్రు ఆపలేదు. విత్తిన మేరకు ఆరో రోజుకు మొలక నేల పగలగొట్టుకుని వచ్చింది. పిందె పట్టింది, కట్టె వచ్చింది. పొదుపుగా మేస్తే ఎండాకాలం దాటేంత కట్టె.

"అంతా సామి చలవ," అంది సుంకులమ్మ. పుల్లన్న నెమరు వేస్తున్నాడు. కాదని వాదించడానికి ఆయనకు దవడలు ఖాళీ లేవు.

సిద్ధయ్య మాత్రం ఆ మూడు గంపలు పోయిన మర్నాడే మిట్ట దాటి అవతలి చేనుకు పోయాడు. ఆయన కంటే ముందు సుంకులమ్మ నోటి మాట అక్కడికి చేరింది. చేని గట్టున మేళతాళాలతో ఎదురొచ్చారు. పీట వేశారు, కాళ్లు కడిగారు. ఏడు గంపల గింజలు తెచ్చి ముందర పెట్టారు. ప్రతి గింజకూ పచ్చిపేడ మందంగా పట్టించి ఉంది.

"రుచి చూసి చెప్పండి సామీ," అన్నారు ముందుకాళ్లు జోడించి.

చేతిలోని పనిని ఆపమని శాస్త్రం చెప్పేవాడు వస్తే, ముందు వాడి మీసాలు చూడాలి.