అధికారి గారి బోణీ

వెనుకటికి కంచుమర్తి పట్నంలో అంగడి వీధికి కొత్త పురాధికారి ఒక నిబంధన పెట్టాడు. రోజూ తాను వచ్చి తూకాలు చూశాకే దుకాణాల్లో అమ్మకం మొదలవ్వాలి. ఆయనేమో పొద్దెక్కితే గాని లేవడు. ఆలోగా ఆకుకూరలమ్మే నూకాలు బుట్టలో తోటకూర వాడిపోయేది. వర్తక సంఘం వెళ్లి మొరపెట్టుకుంటే, "నేను చూడకపోతే తూకాలు ఎవరు చూస్తారు?" అని పంపేశాడు.

"ఈసారి నేనడుగుతా" అంది నూకాలు.

"మా మాటే వినలేదు, నీ మాట వింటాడటే?" అని నవ్వాడు సంఘం పెద్ద కామశెట్టి.

మర్నాడు అధికారి రాగానే నూకాలు దండం పెట్టింది. "బాబూ, రోజూ మా అంగళ్లలో మొదట అడుగుపెట్టేది తమరే. తమరు బోణీ చెయ్యకుండా వెళ్తే ఆ రోజంతా మాకు బేరం ఉండదు."

వీధంతా ఆయన్నే చూస్తోంది. కాదంటే పరువు తక్కువని తోటకూర కట్ట కొన్నాడు. పక్క దుకాణంలో చీపురు, ఆ పక్కన గాజులు, ఆపైన పలుపుతాడు కొనక తప్పలేదు. అవన్నీ మోయలేక వెంట వచ్చిన బంట్రోతు రొప్పుతున్నాడు.

చివరి దుకాణం ముందు అధికారి కాళ్లు ఆగిపోయాయి. సింహాద్రి అక్కడ పాడె కట్టే వెదురు అమ్ముతాడు.

"అందరి దగ్గరా కొన్నారు, మా సింహాద్రిని చిన్నబుచ్చకండి బాబూ" అంది నూకాలు. "ఎవరి కోసమని అడగడులెండి."

అధికారి ముఖం పాలిపోయింది. "రేపట్నుంచి తెల్లారగానే అమ్ముకోండి! తూకాలు తర్వాత చూస్తాను" అని అరిచాడు.

"మరి ఇవాళ్టి బోణీ?" అన్నాడు సింహాద్రి.

అధికారి అప్పటికే వీధి మలుపు తిరిగాడు.