కుంట మీద పచ్చ కప్పు

అనగనగా ఒక అడవిలో ఒక కుంట. ఆ కుంటలో కొర్రమ్మ అనే కొర్రమీను. కొర్రమీనుకు నీళ్లలో ఉండే గాలి చాలదర్రా పిల్లలూ, మధ్యమధ్య పైకొచ్చి గుటుక్కున గాలి మింగి పోవాలి.

ఆ వేసవిలో దానికి ఎర్రెర్రని పిల్లలు పుట్టాయి. వాగునుంచి నీళ్లొచ్చే కాలువేమో మట్టితో పూడిపోయింది. కుంట వేడెక్కి పిల్లలు సోలిపోతున్నాయి. పీతలు రోజూ మట్టి తవ్వుతున్నాయి గానీ, అది తెగే పనిలా లేదు.

"వదినా, అసలు ఎండనే రానివ్వకపోతే?" అంది నీటికోడి. దాని ముక్కున ఒక అంతరతామర మొక్క ఉంది. "ఇది నీళ్లమీద తేలుతూ తనే పెరిగిపోతుంది. ఇక నీడే నీడ."

"ఎండకు తలుపు వేయొచ్చా?" కొర్రమ్మ ఆ మొక్క చుట్టూ వింతగా తిరిగింది. దాని కింద నీళ్లు నిజంగానే చల్లగా ఉన్నాయి.

"వద్దనుకుంటే తీసేదెలా?" అని అడిగాడు పీత బావ.

"చల్లదనాన్ని ఎవరొద్దంటారు బావా? నీ నడకలాగే నీ ఆలోచనా అడ్డమే," అంది నీటికోడి.

కొర్రమ్మ నవ్వేసి, "కుంటంతా కప్పెయ్ వదినా," అంది.

మొదట ఒక మూల కప్పుకుంది. పిల్లలు తేరుకున్నాయి. తర్వాత సగం కుంట కప్పుకుంది. నీడుండగా కాలువెందుకని పీతలు తవ్వడం మానేశాయి. ఆ తర్వాత కుంటంతా మూసుకుపోయింది.

కొర్రమ్మ గాలికోసం పైకొస్తే ముఖానికి ఆ మొక్కల వేళ్లు తగిలాయి. ఎటుపోయినా వేళ్లే. కింద పిల్లలు నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి.

"మొత్తం లాగెయ్ వదినా," అంది కొర్రమ్మ.

"ఆగండి," అన్నాడు పీత బావ. "కాలువ ఇంకా పూడే ఉంది. చల్లదనానికి అలవాటుపడ్డ పసివాళ్ల మీద ఎండంతా ఒక్కసారే పడితే తట్టుకుంటారా? ముందు గాలికి ఒక కిటికీ తెరుద్దాం."

అతను కత్తెరల్లాంటి తన డెక్కలతో వేళ్లు కత్తిరించాడు. నీటికోడి మొక్కల్ని ఒడ్డుకు ఈడ్చింది. కొర్రమ్మ పిల్లల్ని ముక్కుతో పైకి తోసింది. ఒక్కొక్కటే గుటుక్కు, గుటుక్కుమన్నాయి. కొన్ని మాత్రం పైకి రాలేదు.

పీతలు మళ్లీ కాలువ తవ్వే పని పట్టుకున్నాయి. నీళ్లు ఎంత పారితే అంత కప్పు తీశారు. ఒక మూల నీడ మాత్రం ఉంచుకున్నారు.

కొన్నాళ్లకు నీటికోడి ఇంకేదో కొత్త మొక్క తెచ్చింది. కొర్రమ్మకు వింత పోలేదు, దాని చుట్టూ కూడా తిరిగి చూసింది. ఈసారి మాత్రం ముందుగా అడిగింది.

"వదినా, దీన్ని తీసేదెలా?"

నీతి: ఎండకు నీడ వేయాలనుకోవడం తప్పు కాదు. తీసే దారి చూసుకోకుండా, పూడిన కాలువను మరిచిపోయి, అందరి మీదా ఒకేసారి కప్పేయడమే తప్పు.